కింద కదలని గీత

మొన్న మంగళవారం నా దగ్గర ఎం.టెక్ ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయి రంగురంగుల గ్రాఫులతో ఒక రిపోర్టు తెచ్చింది. మూడో పేజీ దాకా చదివి, దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఆ పిల్ల కళ్ళముందే చెత్తబుట్టలో పడేశాను. నా కోపం గురించి మా కాలేజీలో చాలా కథలున్నాయి. డస్టరు విసిరానన్నది నిజం, తగిలిందన్నది అబద్ధం. కాగితాలు చింపడం మాత్రం అదే మొదటిసారి. ఆ పిల్ల బిత్తరపోయి, "ఏం తప్పుంది మేడం? సగటు బాగానే వచ్చింది కదా" అంది. "సగటు సరేనమ్మా. అన్నిటికంటే ఎక్కువసేపు కాచుకున్నది ఎంతసేపు కాచుకునింది? అది యాడుండాది ఇందులో?" అని అరిచాను. కోపం వస్తే నా నోట్లోంచి కొత్తచెరువు పక్క పల్లె భాష దూకుతుంది. "అదొక్కటే తేడాగా వచ్చింది మేడం. గ్రాఫు చెడిపోతాందని తీసేసినా" అంది మెల్లగా. నా చెయ్యి లేచింది. లేచిన చేతిని ఎలాగో కిందికి దించుకుని, కుర్చీలో కూర్చుని, నీళ్ళు తాగి, ఆ పిల్లను పంపేశాను. అలా లేవడం ఆ చేతికి మా పెద్దమ్మ నేర్పింది. సరిగ్గా ఇదే పని చేసినందుకు ఏడేళ్ళ కిందట ఆమె చెయ్యి నా చెంప మీద పడింది.

ముందు మా పని సంగతి కొంచెం చెప్పాలి. కంప్యూటర్లో ఒకేసారి వందల పనులు నడుస్తుంటాయి. వాటిని చేసిపెట్టే కోర్లు మాత్రం నాలుగో ఎనిమిదో ఉంటాయి. ఏ పనికి ఏ కోరు, ఎంతసేపు, ఎవరి తర్వాత ఎవరు అని రెప్పపాటులో వేల తీర్పులు చెప్పే పెద్దమనిషి ఒకడు లోపల కూర్చుని ఉంటాడు. వాడే షెడ్యూలర్. ఇలాంటి పెద్దమనుషులు చాలా రకాలున్నారు. ఒకే పనుల మోపును ఒక్కొక్కరి నెత్తిన పెట్టి, ఎవరు ఎంత తొందరగా దించారో గడియారం పట్టుకుని కొలవడమే బెంచ్‌మార్కింగ్. చదువుకున్నప్పటి నుంచీ నేను చేస్తున్నది అదే. వినడానికి సాధువైన పనిలా ఉంటుంది గానీ, దగ్గరికొచ్చి చూస్తే కసాయి పని. యంత్రం మీద అది మోయలేనంత బరువు వేస్తాం. ఫ్యాన్లు ఊళ పెట్టేదాకా వేస్తాం. నడుస్తున్న పనిని మెడ పట్టుకుని ఆపుతాం, ఒక కోరు మీంచి పీకి ఇంకో కోరు మీద పడేస్తాం, మొండికేస్తే చంపుతాం. చంపడమన్నది మా వృత్తిలో రోజూ టైపు చేసే మాట. అప్పట్లో ఉన్న షెడ్యూలర్‌ను నేనే కొంత మార్చి, నాదే అందరికంటే మెరుగని నిరూపించే పనిలో ఉన్నాను. ఒక పెద్ద సదస్సుకు పేపరు పంపాలి. నా గర్వం నెత్తికెక్కి కూర్చున్న రోజులవి.

మా పల్లెలో మాకు రెండు బోర్లు. తాత పోయాక మా వాళ్ళు భూమిని పంచుకున్నారు గానీ బోర్లను పంచుకోలేకపోయారు, ఎందుకంటే తవ్విన పదకొండింటిలో నీళ్ళు పడినవి ఆ రెండే. వాటి మీద ఐదు ఇళ్ళ చేలు బతకాలి: పెద్దమ్మది, మా అన్నది, మా చిన్నాయనది, తాత తమ్ముని మనవళ్ళిద్దరివి. త్రీఫేజ్ కరెంటు పగలు కొన్ని గంటలే ఇస్తారు. ఆ గంటల్లో ఎవరి వంతు ఎప్పుడన్నది మా పెద్దమ్మ చెప్పేది. ఆ అధికారం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు వంతు కాడ తగాదా వచ్చి, పక్క చేను మనిషి పారతో కొడితే మా పెద్దనాయన తల పగిలింది. కాలవలో నెత్తురు మా చేను దాకా పారింది. నేను చూశాను. కర్మకాండలు అయిన మర్నాడు పెద్దమ్మ చింత బరికె ఒకటి కోసుకుని పోయి, ఆయన పడిపోయిన చోట బండ మీద కూర్చుంది. "నా మొగుని తలకాయ పగిలిన కాడ నేను కూర్చుంటా. ఈడ ఇంక నేను చెప్పినోనిదే వంతు" అంది. ఎవరూ కాదనలేదు.

అప్పటి నుంచి ముప్పై ఏళ్ళు ఆమె కొట్టని మనిషి లేడు. కొట్టడమంటే మాటవరసకు అంటున్నది కాదు. వంతు కాకుండా మడవ తిప్పి నీళ్ళు మళ్ళించుకున్నవాణ్ణి, మీసాలొచ్చినవాడైనా సరే, పిక్కల మీద బరికె తెగేదాకా కొట్టేది. మట్టిపెళ్ళ విసిరితే ఇరవై గజాల దూరాన ఉన్నవాని వీపు తప్పేది కాదు. తాత తమ్ముని పెద్ద మనవణ్ణి ఒకసారి కాలవలో కూర్చోబెట్టి వాని నెత్తిన బురద పోసింది. అతను అప్పటికి ఇద్దరు పిల్లల తండ్రి. అయినా ఆ ముప్పై ఏళ్ళలో మా చేలల్లో మళ్ళీ నెత్తురు పడలేదు. వంతు ఎలా తేలుస్తావని అడిగితే ఆమె దగ్గర జవాబుండేది కాదు. పొద్దున్నే చేల గట్ల మీద ఒక చుట్టు తిరిగి, ఆకు ఎంత వాలిందో చూసి, నిన్న ఎవరు ఉత్త చేతులతో పోయినారో గుర్తు చేసుకుని, పేరు పిలిచేది. ఒక్క సూత్రం మాత్రం బయటికి చెప్పేది: తడిసిన కాలవను ఊరికే ఇడవకూడదు. ఎండిన మట్టి కాలవ ముందు తాను తాగి తర్వాతే చేనుకు ఇస్తుంది. కోర్ల విషయంలోనూ అంతే. పనిని ఒక కోరు మీంచి ఇంకోదాని మీదికి మారిస్తే, దానికి కావలసిన సరుకంతా మళ్ళీ మొదటి నుంచి మోసుకొచ్చుకోవాలి. మా గైడు నాకు ఇది చెప్పడానికి రెండు వారాలు పట్టింది. నేను మాత్రం కాలవ గట్టు మీద ఎప్పుడో విన్నాను.

ఆ ఏడాది వాన మొహం చాటేసింది. శెనక్కాయ పూతకు వచ్చి ఊడలు దిగే వేళకు పెద్దమ్మకు కంటి ఆపరేషన్ పడింది. అనంతపురం తీసుకొచ్చి నా ఇంట్లో పెట్టుకున్నాను. మూడు వారాలు దుమ్ములోకి పోకూడదు, వంగకూడదు, ముఖ్యంగా గట్టిగా అరవకూడదన్నాడు డాక్టరు. మొదటి రెండూ పాటించింది. వంతులు ఎవరు చూస్తారని ఆమె గొణుగుతుంటే నేను నవ్వి, "నేను చూసేది అదే కదా పెద్దమ్మా" అన్నాను. ఆ ఆదివారమే పల్లెకు పోయి, ఐదు ఇళ్ళ వాళ్ళనూ కూర్చోబెట్టి, ఒక కాగితం మీద రెండు నియమాలు రాసిచ్చాను. తక్కువసేపు చాలన్నవాళ్ళకు ముందు వంతు. తడిసిన కాలవ మీద ఉన్నవాళ్ళందరికీ అయ్యాకే ఎండిన కాలవకు. నా షెడ్యూలర్ గుండెకాయ కూడా ఆ రెండే. "ప్రొఫెసరమ్మ బరికె లేకుండా నడిపిస్తాదంట" అని తాత తమ్ముని మనవళ్ళు తెగ సంబరపడ్డారు. చిన్నాయన మాత్రం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "నా చేను కడాకుండాది కదమ్మాయీ, నాకెప్పుడొచ్చాది?" అన్నాడు. వస్తుందిలే చిన్నాయనా అన్నాను. కాగితం మా అన్న జేబులో పెట్టి బస్సెక్కాను.

వారం గడిచాక అన్న ఫోను చేసి అందరూ త్వరత్వరగా తెమిలిపోతున్నారని, పొద్దున అడిగినవాళ్ళలో ఎక్కువమందికి మధ్యాహ్నానికే నీళ్ళు అందుతున్నాయని చెప్పాడు. నాకు గాల్లో తేలినట్టయింది. ఆ సాయంత్రం హాల్లో కూర్చుని బెంచ్‌మార్కు చివరి విడత నడుపుతున్నాను. ఒక్కొక్క పనికి తెర మీద ఒక్కొక్క గీత. కోరు దొరికినప్పుడల్లా గీత ముందుకు జరుగుతుంది. కంటికి పచ్చ గుడ్డ కట్టుకున్న పెద్దమ్మ ఒంటికన్నుతో వచ్చి నా పక్కన కూర్చుంది. చాలాసేపు చూసింది. "ఇవన్నీ ఏంది?" అంది. "పనులు. వంతు కోసం కాచుకునుంటాయి. వంతొస్తే నడుస్తాయి" అన్నాను. వక్క నములుతూ ఇంకాసేపు చూసి, తెర మీద వేలు పెట్టింది. "కింద ఉండేది కదల్లేదే?"

నిజమే. అన్నిటికంటే పెద్ద పని ఒకటి కింద పడి ఉంది. చిన్నచిన్న పనులు వస్తూనే ఉన్నాయి, అవి ముందు పోతూనే ఉన్నాయి, అది మాత్రం మొదట్నుంచీ ఉన్నచోటే ఉంది. "అదొక్కటి వదిలేయి పెద్దమ్మా. లెక్కలోంచి తీసేస్తాను. సగటు పాడవుతుంది" అన్నాను. "నువ్వు తీసేస్తే అది ఊరుకుంటాదా?" అంది. "అది మనిషా ఏమన్నా, కోపం రావడానికి?" అని నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ రాత్రి తినేముందే పట్టికలోంచి ఆ వరుస తీసేశాను. గ్రాఫు దువ్విన తలలా చక్కగా కుదిరింది.

ఆ మర్నాడు చిన్నాయన ఫోను చేశాడు. "అమ్మాయీ, ఎనిమిది దినాలాయ, నాకు చుక్క నీళ్ళు రాల్యా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అదే నన్ను మోసం చేసింది. నేను విసుగ్గా, "మొత్తం మీద అందరికీ బాగుంది చిన్నాయనా, ఒకటి రెండు దినాలు ఓపిక పట్టు" అన్నాను. అక్కడ ఏం జరుగుతోందో అడగాలని నాకు తోచలేదు. జరిగింది ఇది. తాత తమ్ముని మనవళ్ళు తెలివైనవాళ్ళు. తక్కువసేపు చాలన్నవాళ్ళకే ముందు వంతని తెలిసిన రెండో రోజే తమ చేలను టమోటా, మిరప, శెనక్కాయ అని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో అరగంట వంతు అడగడం మొదలుపెట్టారు. పైగా వాళ్ళున్నది తడి కాలవ మీద. చిన్నాయనది నాలుగెకరాలు ఒకే తునక, చిట్టచివర. ఆ కాలవ తడవడానికే గంట పడుతుంది కాబట్టి అరగంట వంతు ఆయనకు ఎందుకూ పనికిరాదు. అందువల్ల ప్రతిరోజూ ఆయన పేరు కాగితంలో ఆఖరికి పోయేది. ఆయన పేరు దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయేది. పొద్దున ఐదు గంటలకు పార భుజాన వేసుకుని వచ్చి, బండ పక్కన గొంతుక్కూర్చుని, అందరి చేలూ తడవడం చూసి, మధ్యాహ్నం ఎండలో తిరిగి పోయేవాడు. తొమ్మిది రోజులు అలాగే పోయాడు. పెద్దమ్మ ఉంటే రెండో రోజే మనవళ్ళ పిక్కలు వాచిపోయేవి. నా కాగితం దగ్గర బరికె లేదు.

పదో రోజు ఆయన పార తేలేదు. కొడవలి తెచ్చాడు. వచ్చీ రాగానే మోటారు దగ్గర నీళ్ళు పోసే పైపును రెండు వేట్లకు తెగ్గొట్టాడు. నీళ్ళు మనిషెత్తు లేచాయి. రాయి తీసుకుని స్టార్టరు డబ్బా మూత పగలగొట్టాడు, మోటారు మాత్రం ఆగలేదు. చిన్న మనవడు అడ్డంపోతే మెడ పట్టుకుని కాలవలో ముంచాడు. వాడు చచ్చేవాడే. మా అన్న పరుగెత్తి, "చిన్నాయనా, ఇడువు, వానిది తప్పు గాదు, కాగితంలో అట్లుండాది" అని చెయ్యి పట్టుకున్నాడు. ఆ కాగితమన్న మాట వినగానే ఆయనకు ఒళ్ళు తెలియలేదంట. "నీ కాగితానికి నా చేను కనపల్యాదేమిరా?" అంటూ కొడవలితో వేశాడు. అన్న కుడిచేతి వేళ్ళు మూడు బురదలో పడ్డాయి. పెద్ద మనవడు తెగిన పైపు ముక్కతో చిన్నాయనను వీపు మీద, పక్కటెముకల మీద, ఆయన కింద పడ్డాక కూడా కొడుతూనే ఉన్నాడు. ఆపింది చిన్నమ్మ. ఆమె వాని ముంజేతిని కండ ఊడేట్టు కొరికింది. నీళ్ళు అంతసేపూ ఎవరి చేనుకూ పోకుండా దారిన పారిపోతూనే ఉన్నాయంట. మోటారు ఆపాలని ఎవరికీ తోచలేదు.

ఒకే ఆటోలో నలుగురినీ కొత్తచెరువు తెచ్చి, అక్కడినుంచి అనంతపురం పెద్దాసుపత్రికి తెచ్చారు. కొట్టినవాడూ, కొట్టించుకున్నవాడూ ఒకే సీటు మీద, ఒకరి నెత్తురు ఒకరికి అంటుకుని వచ్చారు. నేను పెద్దమ్మను తీసుకుని పోయేసరికి అన్న వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతికి చుట్టిన తువ్వాలు నల్లబడింది. వేళ్ళను ఎవరో ప్లాస్టిక్ కవర్లో వేసి తెచ్చారు గానీ, మళ్ళీ అతికించే వేళ దాటిపోయిందన్నారు. చిన్నాయన రెండు గజాల దూరాన నేల మీద పడుకుని, ఊపిరి పీల్చినప్పుడల్లా మూలుగుతున్నాడు. పెద్దమ్మ ఆయన మీద పడుతుందని అందరూ జరిగి దారిచ్చారు. ఆమె ఆయన దగ్గరికి పోయి కూర్చుని, నెరిసిన జుట్టులో బురద దులిపింది. తర్వాత లేచి నా వైపు తిరిగింది. అంతమంది ముందు నా చెంప పగలగొట్టింది. నలభై దాటినదాన్ని, నా స్టూడెంట్లు ఇద్దరు సాయానికి వచ్చి అక్కడే ఉన్నారు. కళ్ళద్దాలు ఎగిరి గోడకు తగిలాయి.

"కింద ఉండేది కదల్లేదని చూపిచ్చినా కదే నీకు! కండ్లు రెండూ బాగుండేదానివి నువ్వు గదే!" అని అరిచింది. డాక్టరు వద్దన్న అరుపు అదే. పచ్చ గుడ్డ కింద నుంచి నీళ్ళు కారాయి. ఆ అరుపు వల్లనో, ఆ ఏడుపు వల్లనో, ఆ కంటికి చూపు పూర్తిగా రాలేదు. నాకు చెంప నొప్పి తెలియలేదు. సిగ్గుతో నా ఒళ్ళంతా మండింది. పోలీసులొస్తే మా అన్న, గడ్డి కత్తిరించే మిషన్లో చెయ్యి పడిందన్నాడు. చిన్నాయన తాను బండ మీంచి జారి పడ్డానన్నాడు. ఆ రెండు అబద్ధాలూ ఒకే వరండాలో, ఒకరు చెప్పేది ఒకరు వింటుండగానే చెప్పారు. నాకు మాత్రం చెప్పడానికి అబద్ధం కూడా లేదు.

పెద్దమ్మ పల్లెకు పోగానే మొదటి వంతు చిన్నాయనకు ఇచ్చింది. రెండు రోజులు, రెండు బోర్లూ. అప్పటికి ఆయన చేను పట్టుకుంటే పొడి అయ్యేలా ఎండిపోయింది. "చచ్చిన చేనుకు నీళ్ళెందుకమ్మా?" అని పెద్ద మనవడు అడిగితే, "వంతు చేనుది గాదు, మనిషిది" అని వాని పిక్క మీద ఒకటి వేసింది. చిన్నాయన పక్కటెముకలకు కట్టు కట్టుకుని గట్టు మీద కూర్చుని, ఎండిన నాలుగెకరాలూ తడవడం చివరిదాకా చూశాడంట. నేను చూడలేదు. చూడటానికి నాకు మొహం చెల్లలేదు. ఇక్కడ నేను చేయగలిగింది ఒక్కటే ఉంది, అది చేశాను. తీసేసిన వరుసను పట్టికలో తిరిగి పెట్టాను. గ్రాఫు నడుం విరిగినట్టు వంకరపోయింది. నా షెడ్యూలర్ పాతదానికంటే అధ్వానమని తేలింది. అలాగే రాసి పంపాను. సదస్సు వాళ్ళు మర్యాదగా తిప్పి పంపారు. అప్పటి నుంచి నా దగ్గర చేసే ప్రతి బెంచ్‌మార్కులో సగటు కంటే ముందు ఒక గడి ఉంటుంది: అన్నిటికంటే ఎక్కువసేపు కాచుకున్నది ఎంతసేపు కాచుకుంది అని. అది ఎందుకో పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే మొన్న కాగితాలు చింపే పని ఉండేది కాదు.

పెద్దమ్మ పోయి రెండేళ్ళయింది. పోయేముందు బరికె ఎవరికిస్తుందోనని అందరూ చూశారు. మా అన్నకు ఇస్తుందనుకున్నారు. చిన్నాయనను పిలిచి ఇచ్చింది. "కాచుకోవడం నీకు తెలుసు" అని ఒక్కమాటే అంది. ఇప్పుడు ఆ బండ మీద కూర్చుని వంతులు పిలిచేది ఆయనే. ఆయన పక్కన మా అన్న కూర్చుంటాడు, మిగిలిన రెండు వేళ్ళ మధ్య బీడీ పెట్టుకుని. వాళ్ళిద్దరూ ఆ రోజు గురించి ఇంతవరకూ మాట్లాడుకోలేదని వదిన చెబుతుంది. చిన్నాయన ఇంతవరకూ ఎవరినీ కొట్టలేదంట. బరికెను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంటాడు, అంతే. మడవ తిప్పేవాళ్ళు ముందు అన్న చేతి వైపు చూస్తారు, తర్వాత తమ పార వైపు చూసుకుంటారు.

నిన్న ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. కొత్త రిపోర్టు తెచ్చి బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. తీసేసిన వరుస ఈసారి ఉంది. గ్రాఫు వికారంగా ఉంది. కూర్చోమని చెప్పి, టీ తెప్పించి, ఇదంతా ఆ పిల్లకు చెప్పాను. విని, టీ గ్లాసు పక్కన పెట్టి, "మేడం, ఆయన తొమ్మిది దినాలు ఏం చేసినాడు ఆడ కూర్చోని?" అని అడిగింది. ఏడేళ్ళుగా నేను చిన్నాయనను అడగలేకపోయిన ప్రశ్న అది. మిగిలిన మాకందరికీ ఆ తొమ్మిది రోజులు ఎలా గడిచాయో కూడా గుర్తులేదు. ఆయనొక్కడే వాటిని గంట గంటగా లెక్కపెట్టి ఉంటాడు.